చిత్రిక వెల

మన యిండ్లలో కొయ్యతో చేసిన వస్తువును చూచినప్పుడు ముందు కన్ను దాని ఆకారమును గ్రహించును. పిమ్మట చేయి దాని మీదికి పోవును. ద్వారబంధమును, ఉయ్యాలబల్లను, దేవుని మందసమును అరచేతితో ఒకసారి నిమిరి చూడనివారు అరుదు. ఒకప్పుడు రేడియో సెట్టు సయితము నునుపైన కొయ్యపెట్టెలోనే యింటికి వచ్చెడిది. ఆ నునుపును కల్పించు పనిముట్టు చిత్రిక. రంపము కోయును, బాడిస చెక్కును, ఉలి తొలుచును. కాని ఆ మూడింటి గురుతులను తుడిచివేసి, మ్రానిలో దాగియున్న రేఖలను వెలికి తెచ్చునది చిత్రిక యొక్కటియే.

ఇట్టి చిత్రికలలో ఈనాడు రెండు కొసలు కలవు. మన పట్టణములలోని ఇనుప సామానుల దుకాణమున కొయ్యతో చేసిన రందా కొన్ని వందల రూపాయలకే దొరకును. అమెరికాలోను, కెనడాలోను పేరుపొందిన కర్మాగారములు చేయు లోహపు చిత్రిక యొక్కటి మూడు నాలుగు వందల డాలర్లు, అనగా సుమారు 30,000 రూపాయల వరకు పలుకును. రవాణా, సుంకము అదనము. ఇక, స్కాట్లండులో పనిచేసిన కార్ల్ హోల్టీ వంటి ఏకైక శిల్పులు స్వహస్తములతో కూర్చిన చిత్రికలు కొన్ని వేల పౌనులకు అమ్ముడుపోయినవి. ఒకే పని చేయు పనిముట్టులకు ఇంత వ్యత్యాసమేల? హెచ్చుగా ఇచ్చిన ఆ సొమ్ము పనిలో కనబడునా, లేక కొన్నవాని మనస్సులోనే నిలిచిపోవునా? ఈ ప్రశ్నకు తగిన సమాధానము చరిత్రలోనే లభించును.

మొదట మాటను గురించి ఒక మాట. ఆంధ్రదేశమున విరివిగా వినబడు పేరు చిత్రిక. తోపడ అను పేరును కలదు. తెలంగాణమున, అందును హైదరాబాదు నగరమున, వడ్రంగులు రందా అందురు. ఇది పారశీక పదము. ఉర్దూ ద్వారా మన పలుకుబడిలో చేరినది. మన పూర్వులకు ఈ పనిముట్టుపై గల గౌరవము భాషయందును నిలిచియున్నది. ఒక రచయిత వాక్యమును సానపట్టి, అనవసరమైన మాటలను తొలగించినచో, అతడు వాక్యమును చిత్రిక పట్టినాడని మెచ్చుకొందుము. రంపమునకుగాని, సుత్తికిగాని సాహిత్య విమర్శలో ఇట్టి పీట లభింపలేదు.

చిత్రిక పనిచేయు తీరు చూడ సులభము, ఆలోచింప గహనము. ఒక దిమ్మె, దాని అడుగున సన్నని నోరు, ఆ నోటిలోనుండి వెండ్రుకవాసి మాత్రము బయటికి వచ్చియున్న ఉక్కు అలుగు, దానిని బిగించు చీల. అలుగు సామాన్యముగా 45 డిగ్రీల వాలున కూర్చుండును. దిమ్మెను ముందునకు త్రోసినప్పుడు అలుగు కొయ్యనుండి పలుచని పొరను లేపును. చిక్కంతయు నార దిక్కుతో వచ్చును. నార అలుగునకు అనుకూలముగా వాలియున్నచో పొర శుభ్రముగా తెగును. ఎదురు తిరిగియున్నచో, అలుగు కోయుటకు ముందే కొయ్య చీలి, పెచ్చులుగా లేచిపోవును. మన నల్లమద్దిలోను, జిట్టేగిలోను నార ఒక పొరలో ఒక దిక్కునకు, మరియొక పొరలో వేరొక దిక్కునకు తిరిగియుండును. టేకు నార మెత్తగానే లొంగినను, దానిలోని సిలికా, అనగా ఇసుక జాతి పదార్థము, అలుగు మొనను త్వరగా మొద్దుబార్చును. కావున మన దేశపు కొయ్య చిత్రికకు తేలికైన పరీక్ష కాదు.

ఈ పరీక్షకు నిలువవలెనని మానవుడు రెండువేల యేండ్లుగా యత్నించుచున్నాడు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో కప్పబడిన పాంపేయి నగరమున రోమనుల చిత్రికలు దొరకినవి. అడుగున ఇనుప రేకు తాపిన రోమను చిత్రికలు జర్మనీలోను బయల్పడినవి. లోహపు చిత్రిక ఆధునికుల కనిపెట్టు అనుకొనుట పొరపాటని దీనివలన తెలియుచున్నది. రోము పతనానంతరము ఐరోపాలో అనేక శతాబ్దములు కొయ్య చిత్రికయే రాజ్యమేలెను. 17వ శతాబ్దిలో జోసెఫ్ మాక్సన్ అను ఆంగ్లేయుడు చేతిపనులను గూర్చి వ్రాసిన గ్రంథమున వర్ణించిన చిత్రికలు కొయ్యవే.

18వ శతాబ్దిలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చెను. అలుగు వెనుక రెండవ రేకును బిగించుట ప్రారంభమయ్యెను. 1767లో ఫిలడెల్ఫియా పత్రికలోని ప్రకటనయం దిట్టి జంటరేకుల చిత్రికల ప్రసక్తి కలదు. ఈ రెండవ రేకు, లేచుచున్న పొరను వెంటనే ముందునకు వంచి విరుచును. అందువలన కొయ్య చీలుటకు వ్యవధి చిక్కదు. ఎదురు నార గల కొయ్యకు ఈ రేకును అలుగు మొనకు మిక్కిలి దగ్గరగా అమర్చవలెనని పీటర్ నికల్సన్ 1812 నాటికే వ్రాసియుండెను. ఈ సంగతిని శ్రోతలు జ్ఞాపకముంచుకొనగోరుదును. మన సమస్యకు తాళపుచెవి ఇందే కలదు.

19వ శతాబ్దిలో చిత్రిక రెండు మార్గములుగా చీలెను. ఒక మార్గము స్కాట్లండులోని ఏర్ పట్టణమున స్టూవర్టు స్పైయర్సు తెరచినది. ఇనుపపెట్టె లోపల మేలైన కొయ్యను పొదిగి, బరువుగను, ముద్దుగను చేసిన ఆ చిత్రికలను ధనవంతులైన గృహోపకరణ శిల్పులు కొనిరి. తరువాత లండనులో నారిసు సంస్థ ఆ సంప్రదాయమును కొనసాగించెను. రెండవ మార్గము అమెరికాలోని లియొనార్డు బెయిలీది. మరచక్రమును త్రిప్పి అలుగును దించుటకు, ఎత్తుటకు వీలగు పద్ధతులకు అతడు హక్కుపత్రములు పొందెను. 1869లో స్టాన్లీ సంస్థ ఆతని వ్యాపారమును కొని, పోతయినుముతో వేలకొలది చిత్రికలను చేసి లోకమంతటను అమ్మెను. మొదటి మార్గము శ్రేష్ఠమైన వస్తువును కొలదిమందికిచ్చెను. రెండవ మార్గము చాలినంత మంచి వస్తువును ఎల్లరకు నిచ్చెను. నేటి వివాదమంతయు ఈ రెండు మార్గముల వివాదమే.

20వ శతాబ్ది మధ్యమున విద్యుద్యంత్రములు వచ్చి చేతి చిత్రిక గిరాకి తగ్గగా, కర్మాగారములు ఖర్చు తగ్గించుకొనుటకై పనితనమునకును కోత పెట్టెను. అడుగు వంకర, నోరు గరుకు, అలుగు పలుచన అయ్యెను. ఆ లోపమును చూచియే 1981లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున థామస్ లై నీల్సన్ పాత నమూనాలను మరల తీసికొని, పూర్వపు నాణ్యముతో చిత్రికలు చేయ మొదలిడెను. కెనడాలో వెరిటాసు సంస్థయు అదే దారిని నడచెను. కనుక నేడు మనము ఖరీదైనదని పిలుచు చిత్రిక నిజమునకు కొత్త వస్తువు కాదు. ఒకప్పుడు సామాన్యమై, పిమ్మట చెడిపోయిన ప్రమాణమును తిరిగి నిలబెట్టు ప్రయత్నము.

ఇప్పుడు మన నగరమునకు వత్తము. అమీర్‌పేట అను పేరు పైగా ప్రభువుల అమీరె కబీర్ బిరుదమునుండి వచ్చినదని చెప్పుదురు. ఆ వంశమున షంసుల్ ఉమ్రా బిరుదాంకితుడైన ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్ది పూర్వార్ధమున యంత్రశాస్త్రము మొదలగు విషయములపై ఆంగ్ల గ్రంథములను ఉర్దూలోనికి మార్పించి ముద్రింపజేసిన విద్యాప్రియుడు. బలసూత్రములలో మొదటివైన తులాదండమును, చీలను ఆ శాస్త్రము బోధించును. చిత్రిక అలుగు అట్టి చీలయే గదా! అమీర్‌పేటకు పొరుగున, పంజాగుట్టకు చేరువనున్న ఎర్రగుట్టపై నవాబు ఫక్రుల్ ముల్క్ ఇరం మంజిల్ అను మహాసౌధమును కట్టించెను. ఎర్ర అను తెలుగు మాటకును, స్వర్గవాచకమైన ఇరం అను మాటకును గల ధ్వనిసామ్యమును నవాబుగారు ముచ్చటగా వాడుకొనిరని ప్రతీతి. తరువాత ప్రభుత్వ కార్యాలయములకు నిలయమైన ఆ భవనమును కూల్చి శాసనసభా భవనము కట్టవలెనన్న నిర్ణయమును 2019లో ఉన్నత న్యాయస్థానము కొట్టివేసెను.

పాత నగరమున పురానీ హవేలీలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దుస్తులకొరకు కట్టిన రెండంతస్తుల కొయ్య బీరువాల వరుస నేటికిని చూపరుల నాశ్చర్యపరచుచున్నది. బర్మా టేకుతో కూర్చిన ఆ వరుస పొడవు నూరడుగులకు ఎంతయో మించును. పై అంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టును కలదు. చేతబట్టి నడుపు విద్యుత్ చిత్రిక అప్పటికి లోకమున ఎచ్చటను పుట్టలేదు. ఆ తలుపులయందలి నునుపు చేతులు సాధించినది. ఆ చేతులు పట్టిన పనిముట్టుల పేరులను ఎవరును వ్రాసియుంచలేదు. పని మాత్రము నిలిచినది.

ఆ చేతులకు తోడైనది మంచి ఉక్కు. ఈ విషయమున తెలంగాణము ఒకప్పుడు లోకమునకే గురుపీఠము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారశీక వర్తకులు వచ్చెడివారు. 19వ శతాబ్ది తొలిభాగమున వాయిసీ అను ఆంగ్ల వైద్యుడు ఆ తయారీని కన్నులార చూచి వర్ణించెను. అతని వ్రాత 1832లో అచ్చయ్యెను. ఆంగ్లమున ఈ ఉక్కునకు గల ఊట్జు అను పేరు మన ఉక్కు అను మాటనుండియే పుట్టినదని పండితులు తలంతురు. రందా అను పదము పారశీకమునుండి మనకు రాగా, మేలైన ఉక్కు మననుండి పారశీకమునకు పోయినది. ఆ వర్తకులు దూరదేశమునుండి వచ్చి హెచ్చువెల యిచ్చినది వస్తువు అందమును చూచి కాదు. పదును ఎంతకాలము నిలుచునో తెలిసికొని. వెలను తూచుటకు ఇది మంచి తక్కెడ.

ఈ తక్కెడలో నేటి ఖరీదైన చిత్రికను పెట్టి చూతము. దానివలన కలుగు లాభములు నిజమైనవే. మొదటిది, దాని అడుగు సమతలముగా నుండును. పెట్టెనుండి తీసి, అలుగును కొంచెము నూరినంతనే పనికి వచ్చును. చౌక చిత్రికను దారికి తెచ్చుటకు అడుగును రుద్దుట, నోటిని సరిచేయుట, రేకును అలుగునకు సందులేకుండ అతుకుట అను పనులలో ఒకటి రెండు దినములు గడచిపోవును. రెండవది, దాని అలుగు దళసరి, కంపింపదు. సుమారు 5 శాతము క్రోమియము కలిపిన ఉక్కుతో చేసినచో పదును కొంత హెచ్చుకాలము నిలుచును. అయితే నూరుటకును అంతే హెచ్చు శ్రమ పట్టును. మూడవది, కొందరు తయారీదారులు సామాన్యమైన పోతయినుమునకు బదులు సాగుగుణముగల పోతయినుమును వాడుదురు. సిమెంటు నేలపై జారిపడినచో సామాన్యమైనది పగిలిపోవును, ఇది పగులదు.

అయినను మూలప్రశ్న మిగిలియేయున్నది. ఎదురు నార గల కొయ్యపై పెచ్చు లేవకుండ చేయు శక్తి ఆ వెలలో కలదా? జపానులోని యమగత విశ్వవిద్యాలయమున కవాయి, కతో అను ఆచార్యులు రెండవ రేకు పనితీరును సూక్ష్మదర్శినిలో చలనచిత్రముగా చిత్రించిరి. రేకు మొనను నిలువుకు చేరువైన వాలుతో తీర్చి, అలుగు మొనకు మిల్లీమీటరులో పదవవంతు దూరమున అమర్చినప్పుడు, ఎదురు నారయందును పొర విరిగి, కొయ్య నునుపుగా నిలుచుట అందు స్పష్టముగా కనబడెను. 2012 ప్రాంతమున ఈ చిత్రము పాశ్చాత్య వడ్రంగులలో ప్రచారమునకు వచ్చి గొప్ప కలకలము పుట్టించెను. అంతకు పూర్వము ఇరుకు నోరు, నిటారు వాలు, మిక్కిలి బరువు అను గుణములకై వారు చాల ధనము వెచ్చించియుండిరి. రెండు శతాబ్దముల క్రిందట నికల్సన్ చెప్పిన అమరికయే, సామాన్యమైన చిత్రికలోను, అదే ఫలము నీయగలదని అప్పుడు తెలిసెను. అనగా, వెల హెచ్చించి కొనదలచిన దానిలో ముఖ్యభాగము విద్యగా ఉచితముగానే దొరకునట్టిది.

మరి ఖరీదైన చిత్రిక ఎవరికి తగును? ఇట ముగ్గురను వేరుపరచి చూడవలెను.

మొదటివాడు కూలికి పనిచేయు వడ్రంగి. అమీర్‌పేట, పంజాగుట్టల యందలి అంతస్తుల భవనములలో నేడు ప్లైవుడ్డు, లామినేటు రేకులు, కర్మాగారమునుండి వచ్చు తలుపులు ఎక్కువ. పలకలను సాపుచేయుటకు విద్యుత్ చిత్రిక వచ్చినది. చేతి చిత్రికకు మిగిలినది అంచులు తీర్చుట, వానకాలమున ఉబ్బి బంధమునకు పట్టిన తలుపును సడలించుట మొదలగు పనులు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము వడ్రంగముతో కూడ 18 వృత్తులకు వర్తించును. దానియందు పనిముట్టులకై ఇచ్చు సహాయము 15,000 రూపాయలు. రంపము మొదలు సుత్తి వరకు సమస్తమునకు ఉద్దేశించిన ఆ మొత్తము ఒక విదేశీ చిత్రిక వెలలో సగమునకు సరిపోవును. ఆతనికి ఆ చిత్రికను కొనుమని చెప్పుట హితవు కాదు. ఆ సొమ్ముతో ఒక సామాన్యమైన ఇనుప చిత్రికను, రెండు మంచి సానరాళ్లను, మూలమట్టమును కొని, మిగిలినదానితో ఒక మంచి రంపమును తెచ్చుకొనినచో ఆతని పని అంతయు మెరుగగును.

రెండవవాడు సూక్ష్మమైన పనికి అంకితుడైన శిల్పి: పాత భవనముల కొయ్యపనిని పునరుద్ధరించువాడు, సంగీతవాద్యములను చేయువాడు, యంత్రము చొరరాని మూలలలో నునుపు తేవలసినవాడు. ఆతనికి గంటల లెక్కలో కూలి గిట్టును. దినమునకు అరగంట మిగిలినను, నమ్మకముతో ఒక అమూల్యమైన పలక చెడకుండ నిలిచినను, చిత్రిక వెల కొలదికాలమున తిరిగివచ్చును. అట్టివానికి ఇది ఖర్చు కాదు, పెట్టుబడి.

మూడవవాడు ఉద్యోగము చేసికొనుచు, సెలవుదినమున కొయ్యపని నేర్వగోరు గృహస్థు. ఇట విషయము వింతగా తిరుగును. ధనము గలవాడు గనుక ఆతనికి తగునని కొందరు, చేయి తిరుగలేదు గనుక తగదని కొందరు చెప్పుదురు. రెండును సగము నిజములే. గురువు చెంత నేర్చు బాలునికి పనిముట్టు చెడ్డదైనచో గురువు చెప్పును, చేయి చెడ్డదైనచో చేయి పట్టుకొని దిద్దును. గురువులేక పుస్తకము చూచి నేర్చువానికి లోపము పనిముట్టులో నున్నదో, తనలో నున్నదో తెలియదు. నిర్దోషమైన చిత్రిక చేతనున్నచో సందేహము తీరును. మిగిలిన లోపము తనదే. ఈ విధముగా చూచినచో ఆతడు ఇచ్చు హెచ్చు వెల గురుదక్షిణకు బదులు చెల్లించునది. గురువు దొరకినచో అది అనవసరము.

ఈ చివరి మాట మన ప్రాంతమునకు మరింత వర్తించును. మైత్రీవనము పరిసరములలో కంప్యూటరు విద్య నేర్పు సంస్థలకు అమీర్‌పేట దేశమంతట ప్రసిద్ధికెక్కినది. దూరపు పల్లెలనుండి వచ్చిన యువకులు అచట ఖరీదైన యంత్రమును కాక, యంత్రమును నడుపు తెలివిని కొనుటకు రుసుము చెల్లింతురు. విద్యకు వెల కట్టుట ఆ వీథులలో ఎవరికిని వింతగా తోచదు. కాని వడ్రంగమునకు వచ్చుసరికి మన లెక్క తారుమారగును. ముప్పదివేల చిత్రికను చూచి అబ్బురపడుదుము. దానిని నూరి, అమర్చి, నార దిక్కు నెరిగి త్రోయగల పనివాడు కూలి కొంచెము హెచ్చుగా అడిగినచో బేరమాడుదుము. వడ్రంగి యింటి బాలుడు తండ్రి పనిని విడిచి వేరొక కొలువు వెదకుకొనుటకు గల కారణములలో ఇదియు నొకటి. పనిముట్టు దుకాణమున ఎల్లప్పుడును దొరకును. అది పట్టు చేయి ఒకసారి తెగినచో ఏ దేశమునుండియు దిగుమతి కాదు. కోనసముద్రపు మూసలు ఆరిపోయిన పిమ్మట ఆ ఉక్కు రహస్యమును తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు ఎంత శ్రమపడవలసివచ్చెనో మనకు తెలియును.

కావున సమాధాన మిది. చౌక చిత్రికకును, మధ్యరకపు చిత్రికకును గల భేదము పనిలో కనబడును. దానికి సొమ్ము పెట్టుట తెలివి. మధ్యరకమునకును, మిక్కిలి ఖరీదైనదానికిని గల భేదము కాలములో కనబడును. కాలమునకు వెల గలవాడు పెట్టవచ్చును. ఖరీదైనదానికిని, అపురూపమైనదానికిని గల భేదము కంటికి మాత్రమే కనబడును. దానిని కొనుట శిల్పమును కొనుట వంటిది, అందు తప్పు లేదు, లాభమును వెదకరాదు. అయితే ఏ చిత్రికయైనను సానరాయి ఎరుగనిచో మొద్దే. మొదటి వందరూపాయలు సానకు, తరువాతి వందరూపాయలు అలుగునకు, ఆపైన మిగిలినది దిమ్మెకు అను క్రమమును పాటించినవాడు మోసపోడు.

విజయదశమినాడు మన వడ్రంగులు పనిముట్టులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి పూజింతురు. ఆ పీటపై తాత వాడిన తుమ్మకొయ్య రందాయు, నిన్న కొన్న ఇనుప చిత్రికయు ప్రక్కప్రక్కన కూర్చుండును. రెండింటికిని ఒకే బొట్టు. మరునాడు వానిని చేతబట్టువాని నైపుణ్యమును బట్టియే వాని తారతమ్యము తేలును. మన యింటి తలుపును సవరించుటకు వచ్చిన వడ్రంగి చేతిలోని చిత్రిక యేదని విచారించుటకన్న, అతడు లేపిన పొరను ఒకమారు చేతిలోనికి తీసికొని చూడుడు. అది తెగకుండ, పట్టువలె పలుచగా చుట్టుకొనియున్నచో, అతడడిగిన కూలి న్యాయమైనది.